కుక్కకు రాచపుండు: గురిపెట్టిన మందు, ఇంటివారి పరిచర్య

జనగామ మెట్టపొలములలో గొల్లకురుమల మందల వెంట తిరుగు కావలికుక్క, మానుకోట మిరపతోటల యొద్ద రాత్రియంతయు మొరుగుచు నిలుచు నాటుకుక్క, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో పిల్లలతోపాటు పెరుగు లాబ్రడార్, ఇవన్నియు తమ యజమానుల ఇండ్లలో ఏదో యొక రీతిని మనిషికి సమీపమైన స్థానమును సంపాదించుకొన్నవే. అయినను ఆ కుక్క పక్కటెముకల మీదనో తొడ లోపలి భాగమునందో ఒక గడ్డ లేచినప్పుడు, "కొవ్వుగడ్డలే, అదే కరిగిపోతది" యని నెలల తరబడి ఊరకుండువారును, పసరు కట్టి, అది పనిచేయకున్నచో ఇనుము కాల్చి వాత పెట్టించువారును నేటికిని కలరు. ఆ గడ్డలన్నియు రాచపుండ్లు కావు. కాని వానిలో కొన్ని అగుననియు, అట్టి వానిలో ఒక జాతికి ఇప్పుడు ఇంటియొద్దనే నోటిమాత్రగా ఇయ్యదగిన మందు కలదనియు, ఆ మందు మేలు చేయుటయు కీడు చేయుటయు సగపాలు ఇంటివారి కంటిచూపును బట్టియే యుండుననియు చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

మొదట వ్యాధిని గూర్చి కొంత తెలియవలెను. చర్మమునందును ప్రేగుల గోడలయందును మాస్ట్ కణములను కొన్ని రక్షక కణములు ఉండును. 1878లో పాల్ ఎర్లిక్ అను జర్మను వైద్యుడు విద్యార్థిదశయందే, తన సిద్ధాంతవ్యాసములో, రంగులద్ది వీనిని మొట్టమొదట గుర్తించెను. ఈ కణముల నిండ హిస్టమిన్ మున్నగు తీక్ష్ణద్రవ్యములు నింపిన రేణువులుండును. పురుగు కుట్టినప్పుడు చర్మము ఎర్రబడి దురదపెట్టుట వీని పనియే. ఈ కణములే అదుపు తప్పి పెరిగినప్పుడు కుక్కల చర్మములో పుట్టు కంతి మాస్ట్ కణ కంతి. అది ఒకరోజు ఉబ్బి మరునాడు తగ్గినట్లు కనబడుట కలదు. దానిని చూచి యజమాని నయమగుచున్నదని భ్రమించును. ఇట్టి గడ్డను పిసికినను, వాత పెట్టినను లోపలి హిస్టమిన్ ఒక్కసారిగా వెలువడి, చుట్టును వాచుటయే గాక, కడుపులో ఆమ్లము పెరిగి పుండ్లు పడుటకు, వాంతులకు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమునకును కారణమగును. కావున వాత పెట్టుట ఆచారమైనను దానిని మానవలెనని నిస్సంకోచముగా చెప్పుచున్నాను. సన్నని సూదితో రెండు బొట్ల కణద్రవము తీసి గాజుపలకపై రంగులద్ది చూచు పరీక్షకు పెద్ద ఆస్పత్రి అక్కరలేదు. సూక్ష్మదర్శిని గల పశువైద్యుడు ఆ రేణువులను అక్కడికక్కడే గుర్తింపగలడు.

ఇచ్చట ఒక మాట. మన వీథికుక్కలలో తరచుగా కనబడు జననాంగముల కంతి వేరొక వ్యాధి. అది సంభోగమువలన ఒక కుక్కనుండి మరియొక కుక్కకు సజీవ కణములుగానే సంక్రమించును. 1876లో నోవిన్‌స్కీ అను రష్యను పశువైద్యుడు కంతిని ఒక జంతువునుండి మరియొక దానికి నాటగలుగుట దీనితోనే జరిగినది. దానికి వారమునకొకసారి నరములోనిచ్చు విన్‌క్రిస్టిన్ అను పాత మందు చక్కగా పనిచేయును. ఆడుకుక్కల పాలగ్రంథుల కంతులకు శస్త్రచికిత్సయే మొదటి మార్గము. ఈ వ్యాసమున చెప్పు మాత్ర ఆ రెండింటికి ఉద్దేశింపబడినది కాదు. మాస్ట్ కణ కంతికి సయితము కత్తితో పూర్తిగా తొలగింప వీలున్నచోట శస్త్రచికిత్సయే శ్రేష్ఠము. తొలగించిన పిదప మరల మొలచినప్పుడును, కోయ వీలులేని చోట నున్నప్పుడును, లోపలికి పాకినప్పుడును మాత్రల వంతు వచ్చును.

రాచపుండుకు మందులు కనుగొన్న చరిత్రలో తెలుగువాని భాగము చిన్నది కాదు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన ద్రవ్యములను తమ సహచరులచే సిద్ధము చేయింపగా, అందులో అమైనోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తకర్కటముతో మరణించుచున్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో కొంతకాలము వ్యాధి అణగుట చూచెను. ఆ ఫలితములు 1948లో ప్రకటితమైనవి, ఆ సంవత్సరమే సుబ్బారావుగారు గతించిరి. అవి కణవిభజనను ఎక్కడైనను అడ్డగించు మందులు. తరువాతి అర్ధశతాబ్దమున శాస్త్రజ్ఞులు మరియొక దారి పట్టిరి: కంతి కణమును నిరంతరము పెరుగుమని ప్రేరేపించు ఒక్క ప్రోటీను ఏదో కనుగొని, దానినే మూయుట. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ ఈ దారిలో మొదటి మహావిజయము. ఆ మందును తక్కువ ధరకు తయారుచేసిన సంస్థలలో హైదరాబాదునందలి నాట్కో ఒకటి. పేటెంటుకై ఆ మందు మూల తయారీదారైన నోవార్టిస్ జరిపిన వ్యాజ్యమును 2013 ఏప్రిల్ 1న సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేయుటతో ఆ చౌకమందు మన రోగులకు నిలిచినది.

కుక్కల మాస్ట్ కణములపై కిట్ అను గ్రాహకము కలదు. సహజముగా బయటినుండి సంకేతము వచ్చినప్పుడే అది కణమును పెరుగుమని చెప్పును. కొన్ని కంతులలో ఆ జన్యువునందు ఒక ముక్క రెండుమార్లు వ్రాయబడి, సంకేతము లేకున్నను ఆజ్ఞ ఆగక సాగును. ఆ ఆజ్ఞను నిలుపు మందులలో కుక్కలకే ప్రత్యేకముగా తయారైనది టోసెరానిబ్. పల్లాడియా అను పేరుతో 2009 జూన్‌లో అమెరికా ఔషధసంస్థ అనుమతి పొందినది. ఇది కిట్‌నే గాక, కంతికి క్రొత్త రక్తనాళములు పుట్టించు గ్రాహకములను కూడ అడ్డగించును. ఆ సంవత్సరమే వెలువడిన పరిశోధనలో 153 కుక్కలను పరిశీలించిరి. మొదటి భాగమున మందు పుచ్చుకొన్న వానిలో 37 శాతమునకు కంతి తగ్గగా, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్న వానిలో తగ్గినది 8 శాతమునకే. కిట్ జన్యువు మారిన కుక్కలలో 69 శాతము ఫలితము పొందినవి. తగ్గిన కంతి తగ్గియుండిన కాలము మధ్యస్థముగా 12 వారములు. ఈ అంకెలను నేను దాచక చెప్పుచున్నాను. ఇది కొన్ని కుక్కలకు కొన్ని నెలల మంచి కాలమును, కొన్నింటికి అంతకు మించియు ఇచ్చి, మిగిలిన వానికి ఏమియు ఇయ్యని మందు. ఇమాటినిబ్‌ను కుక్కలకు వాడి చూచిన జపానువారు 2008లో 21 కుక్కలలో 10కి కంతి తగ్గినదని ప్రకటించిరి. అయినను దానివలన కొన్ని కుక్కల కాలేయము దెబ్బతినును గనుక, మనుష్యుల మందు చౌకగా దొరకుచున్నదని పశువైద్యుని అడుగక ఇచ్చుట తగదు.

ఇక ఇంటి పని. మాత్ర మోతాదు కుక్క బరువును బట్టి యుండును గనుక మొదట సరియైన బరువు కావలెను. చిన్నకుక్కనైతే ఎత్తుకొని త్రాసుపై నిలిచి, తరువాత మన బరువును తీసివేయవచ్చును, పెద్దదానికి పశువుల ఆస్పత్రిలో గాని ఊరి కాంటాపై గాని తూచవచ్చును. టోసెరానిబ్ పొట్లముపై వ్రాసిన మోతాదు కిలోకు 3.25 మిల్లీగ్రాములు, దినము విడిచి దినము; అనగా 20 కిలోల కుక్కకు 65 మిల్లీగ్రాములు, 50 ఒకటియు 15 ఒకటియు. కాని పెక్కుమంది నిపుణులు ఇప్పుడు కిలోకు 2.5 నుండి 2.75 మిల్లీగ్రాములతో, వారమునకు సోమ, బుధ, శుక్రవారములలో ఇచ్చుట మేలనుచున్నారు. తక్కువ మోతాదున కడుపు బాధలు తక్కువ, కంతిపై పనియు సాగును. ఏ మోతాదైనను నిర్ణయించువాడు వైద్యుడే. ఒక పూట మరచినచో మరుసటి పూట రెట్టింపు ఇయ్యరాదు. వచ్చు దినమున యథాప్రకారము ఇయ్యవలెను.

మాత్రను విరువరాదు, నూరరాదు, పాలలో కరిగింపరాదు. దానిపై పొర ఇంటివారి రక్షణకే. ఈ మందు రక్తనాళముల పుట్టుకను అడ్డగించును గనుక, గర్భవతులును, బాలింతలును, పిల్లలును దానిని తాకరాదు. ఇచ్చువారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మందు వాడు కాలమంతయు కుక్క మలమూత్రములను, వాంతిని ఎత్తువారు చేతితొడుగులు ధరింపవలెను. తెల్లవారుజామున వాకిట ఊడ్చి సాన్పి చల్లునది కోడలో కూతురో అయిన ఇండ్లలో, ఆమె గర్భవతియైనచో ఆ నెలలు ఆ పనిని మరియొకరు చేయుట మంచిది. నన్నడిగినచో మందు తెచ్చిన దినముననే ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి ఈ విషయమును చెప్పవలెనందును.

మాత్రను తిండిలో దాచి ఇయ్యవచ్చును. తిండి మెత్తనిదై, కారము లేనిదై యుండవలెను: ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసము, మెత్తని అన్నము, పెరుగు సహించు కుక్కకు కొంచెము పెరుగు. మటన్ బొక్కలు ఆ నెలలలో వద్దు. మందు ప్రేగు పొరను పలుచన చేయునప్పుడు మొనలు తేలిన ఎముక ఆపద తెచ్చును. ఉల్లిపాయ కుక్కల రక్తకణములకు ఎల్లప్పుడును విషమే గనుక కూర మిగులు పెట్టుట మానవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది చూచుట. ఈ మందు లక్ష్యమును గురిపెట్టినదన్న మాట విని, దీనికి దుష్ఫలములు లేవని పలువురు అనుకొందురు, అది పొరపాటు. కిట్ ప్రేగులలోను, రక్తకణములు పుట్టు మూలుగలోను, వెండ్రుకల రంగునిచ్చు కణములలోను ఉండును గనుక, అచ్చటనెల్ల మందు తగులును. నల్లకుక్క బొచ్చు తెల్లబడుట, ముక్కు రంగు వెలియుట భయపడవలసినవి కావు. ఆకలి తగ్గుట, విరేచనము, కుంటుట, తెల్లకణములు తగ్గుట, మూత్రములో మాంసకృత్తు పోవుట, రక్తపోటు పెరుగుట గమనింపవలసినవి. ఒక సాదా నోటుపుస్తకములో మాత్ర వేసిన దినము, తిన్న తిండి సగమా పూర్తియా, మలము గట్టిదా నీళ్ళదా, రంగేమి అని ప్రతిదినము వ్రాసి పెట్టవలెను. ఒక్క దినములో రెండుమార్లకు మించి వాంతియో నీళ్ళ విరేచనమో అయినను, తిండి ముట్టకున్నను, మలము తారువలె నల్లగా జిగటగా వచ్చినను, ఎర్రని రక్తము కనబడినను, కారణము లేక చర్మము కమిలినను, ఆ క్షణమే మందు ఆపి వైద్యునికి ఫోను చేయవలెను. నల్లని మలము కడుపులో రక్తము కారుచున్నదనుటకు గుర్తు. దానిని చూచియు "ఎండ వేడికి" యని సరిపెట్టుకొన్న ఇంటిలో రెండు దినముల ఆలస్యము ప్రేగు చిల్లులు పడుటకు చాలును. కొన్ని దినములు మందు నిలిపి, తక్కువ మోతాదున తిరిగి మొదలుపెట్టుట ఈ చికిత్సలో సర్వసాధారణము. ఆపినచో కంతి గెలుచునన్న భయముతో బలవంతముగా సాగించుటయే నష్టకారి. కుంటుచున్నదని మనము వాడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ మాత్రలు వేయరాదు. మొదటి రెండును కుక్క కడుపున పుండ్లు పుట్టించును, ఈ మందుతో కలిసినచో మరింత వేగముగా. వేసవిలో, ముఖ్యముగా భూపాలపల్లి బొగ్గుగనుల యెండలో, విరేచనమైన కుక్క నీరు కోల్పోవుట గంటల పని. నీడయు, చల్లని నీరును ఎప్పుడును అందుబాటున ఉంచవలెను.

దూరము గొప్ప అడ్డంకి. మొదటి ఆరు వారములు సుమారు వారమునకొకసారి, ఆపై ఆరు వారములకొకసారి రక్తమూత్ర పరీక్షలతో కుక్కను వైద్యునికి చూపవలెనని మందు తయారీదారులే చెప్పుచున్నారు. జనగామ వారికి సికింద్రాబాదు పోవు రైలుమార్గము కలదు. మానుకోట వారికి కాజీపేట దారి కలదు. భూపాలపల్లి వారు పరకాల మీదుగా హనుమకొండకు బస్సో బండియో పట్టవలసినదే. వరంగల్లు మామునూరులోను, హైదరాబాదు రాజేంద్రనగరులోను పశువైద్య కళాశాలలు కలవు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కలదు. ప్రతి వారమును కుక్కను అంతదూరము మోయుటకంటె, చికిత్స మొదలుపెట్టిన నిపుణుని అనుమతితో రక్తము తీయుట, బరువు చూచుట స్థానిక పశువైద్యునిచే చేయించి, ఆ ఫలితములతోపాటు నోటుపుస్తకపు పుటలను ఫోనులో పంపుట మేలు. ఇద్దరు వైద్యులను మొదటి దినముననే ఒకరితో నొకరిని మాట్లాడించుట యజమాని చేయదగిన మంచి పని. ఈ మందు జిల్లా పట్టణపు మందుల దుకాణములో అడిగినంతనే దొరకు వస్తువు కాదు. ధరయు తక్కువ కాదు. కావున మొదలుపెట్టుటకు ముందే, ఎన్ని వారములకు డబ్బు సమకూరునో లెక్కించుకొని, అంతకు మించి సాగనప్పుడు ఏమి చేయవలెనో వైద్యునితో మాట్లాడుట వివేకము. డబ్బు లేక ఈ మందు వద్దనుకొన్నవారు కుక్కను ప్రేమింపనివారు కారు. ప్రెడ్నిసొలోన్, కడుపు ఆమ్లమును తగ్గించు మందు, హిస్టమిన్‌ను అణచు మందు, ఇవి చౌకగా దొరకును, వైద్యుని చేతిలో ఇవియును కుక్కకు కొంతకాలము సుఖము ఇయ్యగలవు.

పాఠకులకు నా మనవి యొక్కటే. మీ ఇంటి కుక్క మీద గడ్డ కనబడినచో పసరు కట్టక, వాత పెట్టక, వారము దాటనీయక సూదిపరీక్ష చేయించుడు. మందు మొదలుపెట్టినచో నోటుపుస్తకమును, వైద్యుని ఫోను నంబరును ఇంటిలో అందరికి తెలిసిన చోట ఉంచి, రాత్రివేళ నల్లని మలము కనబడినప్పుడు ఎవరికి ఫోను చేయవలెనో ముందే అడిగి వ్రాసికొనుడు.