బిడ్డను బడికి సిద్ధపరచుట

నేడు నేను ప్రసంగింపబోవు విషయము చూపునకు చిన్నది. కాని ప్రతి గృహమునకును సంబంధించినది. ఐదారేండ్ల బిడ్డను మొదటిసారి బడికి పంపునపుడు ఇంటి పెద్దలమైన మనము చేయవలసిన పని యేమి? ముప్పది సంవత్సరములు ఉపాధ్యాయుడనై యుండియు ఈ ప్రశ్నకు సమాధానమును నేను బడిలో నేర్వలేదు. నా మనుమనివలన నేర్చితిని.

వాడు మిక్కిలి యల్లరివాడు. అన్నము తినకున్నను, దూడ పలుపు విప్పినను, నేను పలికెడి మాట యొక్కటే: "ఉండు, బడిలో వేస్తే పంతులుగారు నీ పొగరు అణచేస్తారు!" వేళాకోళమునకే యంటిని. తీరా జూన్ మాసమున బడి తెరచిననాడు వాడు కానరాలేదు. ఇల్లంతయు వెదకితిమి. బావికడకు పోయి తొంగి చూచితిమి. ఆ క్షణమున నా గుండె యెట్లుండెనో చెప్పజాలను. తుదకు వడ్లపురి వెనుక గోనెసంచి కప్పుకొని, వణకుచు కూర్చుండి యుండెను. వానిని కొట్టినవా రెవ్వరును లేరు. నా మాటయే కొట్టినది.

మన పూర్వుల కాలమున వీధిబడులలో కోదండము వేయుట, గోడకుర్చీ, తొడపాశము మొదలగు శిక్షలు వాడుకలో నుండెను. రానని మొరాయించిన పిల్లవానిని పెద్ద పిల్లలు కాలు సేతులు పట్టి మోసికొనిపోవుటయు కలదు. ఆ జ్ఞాపకమే నేటికిని మన నోట బెదరింపై వెలువడుచున్నది. కాని కాలము మారినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము 6 మొదలు 14 ఏండ్లవరకు ప్రతి బిడ్డకును ఉచితముగా చదువుకొను హక్కు కలదు. బిడ్డను కొట్టుటయు, మనస్సు నొచ్చునట్లు హింసించుటయు నిషిద్ధము. చేర్చుకొనుటకు ముందు పరీక్ష పెట్టరాదు; వయస్సు తెలుపు పత్రము లేదని త్రోసిపుచ్చరాదు. చదువుకొన్న పెద్దలు ఈ సంగతిని తెలియనివారికి తెలుపవలెను.

ఇక సిద్ధపరచు విధము. అక్షరములు నేర్పియే పంపవలెనని పలువురు తలంతురు. మొదట కావలసినవి వేరు. తన పేరును, తల్లిదండ్రుల పేర్లను చెప్పుట, తన చేతితో అన్నము తినుట, బొత్తాములు పెట్టుకొనుట, చేతులు కడుగుకొనుట, ఒంటికి పోవలెనని సిగ్గుపడక అడుగుట. ఈ కడపటిది అల్పమని యెంచకుడు. అడుగుటకు జంకి బట్టలు తడుపుకొని, తోడివారు నవ్వగా మరునాడు బడికి రానన్న పిల్లలను నే నెందరినో చూచితిని.

వ్రాతకు ముందు వ్రేళ్లు బలపడవలెను. అందులకు పల్లెటూరి పనులే చాలును: చిక్కుడుకాయలు ఒలుచుట, బంకమట్టితో ఎడ్లను చేయుట, పూలు గ్రుచ్చుట, ముగ్గుపిండితో గీతలు గీయుట. 1907లో రోము నగరమున బీదల పిల్లలకై బాలగృహమును స్థాపించిన మరియా మాంటిసోరిగారు 1939లో మదరాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిరి. ఆమె గరుకు కాగితముతో చేసిన అక్షరములపై బిడ్డచేత వ్రేలు త్రిప్పించి నేర్పుచుండిరి. అక్షరాభ్యాసమునాడు మనము బియ్యములో వ్రేలితో వ్రాయించుటయు ఆ దారిలోనిదే. ఆనాడు బిడ్డ యెచ్చట కూర్చుండును? పెద్దల యొడిలో. చదువు ఒడిలో ఆరంభమగును. ఆ యాచారమునకు ఇంతకంటె మంచి యర్థము నాకు తోపదు.

ఎడమచేతి వాటముగల బిడ్డను కుడిచేత వ్రాయుమని నిర్బంధింపకుడు. పిలిచిన పలుకని బిడ్డను మొద్దని తిట్టుటకు ముందు వైద్యునిచే చెవియు కన్నును పరీక్ష చేయింపుడు. రాత్రి పెందలకడ పరుండబెట్టుడు. ఉదయము ఆకలితో పంపకుడు. నిత్యము ఒక కథ చెప్పుడు. కథను కుదురుగా వినిన బిడ్డకు పాఠము వినుట కష్టము కాదు. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన శిశు అభివృద్ధి పథకము వలన ఊరూర అంగన్‌వాడీలు వెలసినవి. మూడేండ్ల బిడ్డను అచ్చటికి పంపినచో తల్లిని విడిచి కొంతసేపు ఉండుట అలవడును.

నా మనుమని సంగతి ముగింతును. ఆనాడు వానిని బడికి పంపలేదు. నేను చెప్పినది అబద్ధమనియు, తప్పు నాదేయనియు వానితో ఒప్పుకొంటిని. ఏడు దినములు సాయంకాలము, బడి విడిచిన తరువాత, వానిని అచ్చటికి తీసికొనిపోయి గదులను, నీళ్లకుండను, వేపచెట్టును చూపితిని. పంతులమ్మగారు ఒకనాడు వాని చేతికి సుద్దముక్క నిచ్చి, నల్లబల్లపై ఇష్టము వచ్చినది గీయుమనిరి. వాడు దూడను గీసెను. ఎనిమిదవనాడు మా గుమ్మమును నాకంటె ముందు దాటెను. కాని నా వ్రేలు విడువలేదు. బడి వాకిట నిలిచి, "తాతా, మళ్లీ ఎప్పుడొస్తావు?" అనెను. "మధ్యాహ్నం గంట కొట్టగానే వస్తాను" అంటిని. గంటకు ముందే పోయి నిలిచితిని. అన్న వేళకు మనము పోకున్నచో, బిడ్డ మరల మన మాట నమ్మదు.

పెద్దలారా, బడికి బిడ్డ మోసికొనిపోవు మొదటి వస్తువు పలకయు కాదు, సంచియు కాదు. బడిని గూర్చి మన నోట వినిన మాట. ఆ మాట తీపిగా నుండునట్లు చూచుకొనుడు.