మీకు తెలుసా? మిరపకాయ బూజు నుంచి ఎలుక పేగుల దాకా

శాస్త్రవేత్త తిరుమలాదేవి కన్నెగంటి పుట్టింది బొగ్గుగనుల కొత్తగూడెంలో, చదివింది కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో. మొదట్లో ఆమె వెతికింది మన పోపుల డబ్బా సరుకులోనే: ఎండుమిర్చి, మిరియాలు, ధనియాలు, పసుపుల్లో దాక్కున్న బూజు విషాల కోసం!

తర్వాత అమెరికా వెళ్లి రోగనిరోధక శక్తి వైపు మళ్లారు. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో చేరారు.

2014లో ‘నేచర్’ పత్రికలో ఆమె బృందం ప్రకటించిన ఫలితం తమాషాగా ఉంటుంది. పిల్లల్లో అరుదుగా కనిపించే ఎముకల వాపు లాంటి జబ్బు జన్యువుల్లోనే రాసిపెట్టి ఉన్న చిట్టెలుకలకు కొవ్వు దండిగా ఉన్న మేత పెట్టారు. జబ్బు ముదరలేదు సరికదా, వాటికి రక్షణే దొరికింది. పేగుల్లో ప్రీవొటెల్లా బాక్టీరియా పలచబడింది, వాపును ఎగదోసే ఐఎల్-1 బీటా అనే ప్రొటీన్ తగ్గింది. ఆ ఎలుకల పేగు బాక్టీరియాను వేరే ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ మేలు జరిగింది.

అలాగని నెయ్యి గిన్నె ముందుకు లాక్కోకండి, ఇది ఎలుకల సంగతి!