వీసా ఉంది సరే... కౌంటర్ దగ్గర ఏమవుతుంది?

మొవ్వ నుంచి అమెరికా వెళ్లాలంటే ముందు పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ. అక్కణ్నుంచి రాత్రికి రాత్రి శంషాబాద్. ఆ తర్వాత దుబాయో, దోహానో, అబుదాబినో. మావైపు పెద్దవాళ్లక్కూడా ఈ రూటు కంఠతా వచ్చు. టికెట్ మీద కనిపించని మలుపు మాత్రం చాలామందికి తెలీదు.

అమెరికాలో అంతర్జాతీయ ట్రాన్సిట్ అనేదే లేదు. విమానం మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. మీరు చేరాల్సింది సెయింట్ లూయిస్ అయినా సరే, షికాగోలో దిగితే అక్కడే లైన్లో నిలబడాలి, బ్యాగులు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. గంటన్నర కనెక్షన్ చూసి "భలే టైమింగ్" అనుకోకండి. రెండు వేర్వేరు పీఎన్ఆర్‌లతో బుక్ చేస్తే మరీ డేంజర్. మొదటి ఫ్లైట్ లేటైతే రెండోది పోయినట్టే, డబ్బులూ పోయినట్టే. ఒకే టికెట్ అయితే తర్వాతి ఫ్లైట్ ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్ మీద ఉంటుంది.

అబుదాబి కథ వేరు. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ కౌంటర్లున్నాయి. ఆ తనిఖీ అక్కడే అయిపోతే అమెరికాలో లోకల్ ఫ్లైట్ దిగినట్టు బయటికొచ్చేయొచ్చు.

అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే వీల్‌చైర్ అడగడం మామూలే. కాళ్లు లేక కాదు, భాష లేక. దీన్ని వెక్కిరించే రీల్స్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అరవై ఏళ్లకి మొదటిసారి విమానమెక్కి, అంత పెద్ద టెర్మినల్లో గేటు వెతుక్కోవడం ఎంత కష్టమో ఆ రీల్ తీసినవాడికేం తెలుసు? అన్నట్టు బ్యాగులో కరివేపాకు, చికెన్ పచ్చడి పెట్టొద్దని చెప్పండి. రెండింటికీ అనుమతి లేదు.

అసలు భయం స్టూడెంట్లది. 2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టుల నుంచి 21 మంది భారతీయ విద్యార్థుల్ని వెనక్కి పంపారు. ఎక్కువమంది మనవాళ్లే. ఫోన్లు, చాట్‌లు చూశారని అప్పట్లో వార్తలొచ్చాయి. 2015 డిసెంబర్‌లోనూ ఇలాగే శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. పొలం తాకట్టు పెట్టి పంపిన ఇంట్లో ఆ ఫోన్ కాల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వీసా అనేది గుమ్మం దాకా రానిచ్చే కాగితం. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది కౌంటర్లో ఉన్న సీబీపీ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటారు... ఇవే ప్రశ్నలు. ఐ-20లో ఉన్నదానికీ మీ నోటికీ పొంతన లేకపోతే పక్క గదిలోకి పంపిస్తారు. కన్సల్టెన్సీవాళ్లు బట్టీ పట్టించిన జవాబులు దొరికిపోయేది అక్కడే. వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఆ గదిలోకి లాయర్‌ని పిలిపించుకునే హక్కు కూడా ఉండదు.

వెనక్కి పంపడంలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి, ప్రవేశ దరఖాస్తుని మీరే విరమించుకుంటున్నట్టు రాసిచ్చి తిరిగిరావడం. వీసా రద్దవుతుంది గానీ మళ్లీ అప్లై చేసుకోవచ్చు. రెండోది 'ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్', 1996 చట్టంతో వచ్చింది. ఇది పడితే మామూలుగా 5 ఏళ్లు అమెరికా వైపు చూడక్కర్లేదు. విరమించుకోనివ్వాలా లేదా అన్నది ఆఫీసర్ ఇష్టమే, అయినా అడగడంలో తప్పులేదు. చదవకుండా మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇంగ్లిష్ తడబడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

అంతా సాఫీగా అయిందా? ఆ రాత్రే ఆన్‌లైన్‌లో మీ ఐ-94 తీసి చూసుకోండి. పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉందని అమ్మానాన్నలు ఎన్నాళ్లయినా ఉండొచ్చనుకుంటారు. విజిటర్లకి ఇచ్చేది మామూలుగా 6 నెలలే, లెక్కలోకి వచ్చేది ఐ-94లోని తేదీయే.