కాగిన నేయి, మారిన కొలెస్టరాలు

యాప్రాలులో వెన్న కాచిన యింటి కమ్మదనము వీధివరకు వచ్చును. వెన్నలోని కొలెస్టరాలు విషము కాదు. దేహకణముల పొరలకు అది ఆవశ్యకము. మన కాలేయమే దానిని తయారుచేయుచున్నది. అయితే మితిమీరిన వేడిమిలో అది గాలిలోని ఆమ్లజనితో కలిసి రూపము మారును. విదేశములలోని భారతీయులకు హృద్రోగ మేల హెచ్చని విచారించుచు, 1987లో జేకబ్సన్ అను వైద్యుడు తాను పరీక్షించిన నేతిలో కొలెస్టరాలు జాతి పదార్థములు నూటికి 12 పాళ్లు ఇట్లు మారినవనియు, తాజా వెన్నలో అవి కానరాలేదనియు లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ప్రయోగశాలలో ఈ మారిన రూపములు రక్తనాళముల కణములకు హాని చేసినవి. నేయి తిన్నవారికెల్ల హృద్రోగము తప్పదని దీని యర్థము కాదు. కావున నేతిని మితముగా వాడుడు. సన్నని సెగపై కాచి, మాడకముందే దింపుడు. వేపుటకు వాడిన నేతిని మరల మరల కాచకుడు.