కటికి జలపాతంలో దూకే నీరే నగరం కుళాయిలకు

దువ్వాడ (మా విలేఖరి): కార్తీక మాసం వచ్చిందంటే మన ఊళ్ళలో వనభోజనాల సందడి మొదలవుతుంది. ఏటా తోటల్లోనో, సముద్రం ఒడ్డునో వండుకు తినే మేము ఏడుగురం ఈసారి అనంతగిరి కొండల్లోని కటికి జలపాతానికి బయలుదేరాము. వెళ్ళదలచినవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు.

రైలు దిగి నడక

దువ్వాడ నుంచి తెల్లవారుజామునే విశాఖ చేరి, ఉదయం బయలుదేరే కిరండూల్ బండి ఎక్కాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటాక బండి కొండ ఎక్కుతుంది. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. బొర్రా గుహల స్టేషనులో దిగితే జీపులు దొరుకుతాయి. అక్కడికి సుమారు 7 కిలోమీటర్లలో కటికి. ఈ ప్రాంతం 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

జీపు చివరిదాకా పోదు. ఆ పైన రాళ్ళదారిలో కాలినడకే. హవాయి చెప్పులతో వచ్చిన మాలో ఒకాయన రెండుసార్లు జారిపడ్డాడు. నీళ్ళు కనబడకముందే హోరు వినబడుతుంది. మలుపు తిరిగాక తాటిచెట్టంత ఎత్తునుంచి తెల్లగా దూకే ధార కనబడితే నడిచిన అలసట తీరిపోయింది.

బండ మీద జాగ్రత్త

దారి చూపిన గిరిజన కుర్రవాడు మడుగు పక్కన నాచు పట్టిన బండ చూపి, అటు అడుగు వేయవద్దన్నాడు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నీరు ఒక్కసారిగా పెరుగుతుందట. నీరు ఎర్రబారగానే గట్టెక్కాలని చెప్పాడు. ఈత వచ్చినవారైనా ఈ మాట మరువరాదు.

ఎవరి నీరు?

ఇక్కడ దూకేది గోస్తనీ నది. బొర్రా గుహలో ఆవు పొదుగులాంటి రాతినుంచి పుట్టింది కనుక ఆ పేరు వచ్చిందని ఇక్కడివారి నమ్మకం. ఈ నది దిగువన విజయనగరం జిల్లా తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో అదొకటి. ఆపైన భీమిలి వద్ద నది సముద్రంలో కలుస్తుంది. అంటే మనం మడుగులో వదిలేసిన ఎంగిలాకులూ, సీసాలూ మనవారు తాగే నీటిలోకే పోతాయన్నమాట.

ఈ కొండల కోసం పోరాటమూ జరిగింది. బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులపై 'సమత' సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొండవారు అంతగా కాపాడుకున్న చోటికి మనం చుట్టాలుగా వెళ్ళి, చుట్టాల్లాగే మసలుకోవాలి.

వానల రోజుల్లో మడుగు వద్ద స్థానిక గిరిజన యువకులనే కాపలాకు పెట్టి జీతమిస్తే ప్రాణాలూ దక్కుతాయి, వారికి పనీ దొరుకుతుంది. అధికారులు ఈ సంగతి ఆలోచించాలి. మా వంతుగా మేము ఏడుగురి చెత్తనూ ఒక గోనెసంచిలో కట్టి దువ్వాడ దాకా తెచ్చాము. అదేమంత బరువు కాలేదు.