సూదిమొనపై పంచతత్త్వాలు

క్రీ.శ. 1027వ సంవత్సరంలో చైనాను పాలిస్తున్న సుంగ్ వంశపు చక్రవర్తి ఆస్థానం కోసం రెండు నిలువెత్తు కంచు విగ్రహాలు తయారైనాయి. వాటిని పోతపోయించినవాడు వాంగ్ వీ-యీ అనే రాజవైద్యుడు. అవి దేవతామూర్తులు కావు, వీరుల ప్రతిమలూ కావు. ఒంటినిండా సన్నని రంధ్రాలు గల మనిషి బొమ్మలు. పరీక్షనాడు బొమ్మకు పైన మైనం పూసి, లోపల నీరు నింపేవారని చెబుతారు. సూది గుచ్చవలసిన స్థానాన్ని విద్యార్థి సరిగా గుర్తిస్తే రంధ్రం నుండి నీరు చిమ్మేది. గురి తప్పితే సూది లోనికి దిగేది కాదు.

రోగి దేహాన్ని తాకే ముందు విద్యార్థి తన తప్పులన్నింటినీ కంచుబొమ్మపైనే చేసి ముగించాలన్నది ఆ పరీక్షలోని అంతరార్థం. వేయి సంవత్సరాలు గడచినా ఆక్యుపంక్చర్ నేర్వదలచినవారికి మొదటి పాఠం అదే. అయితే నేటి విద్యార్థి ముందు మరొక ప్రశ్న కూడా నిలిచి ఉన్నది. తాను నేర్చుకొంటున్న దానిలో ఎంత భాగం రుజువైన జ్ఞానం? ఎంత భాగం పూర్వుల ఊహ?

కొండకు రెండు ప్రక్కలు

చైనా వైద్యానికి మూలగ్రంథం ‘హువాంగ్ తీ నై చింగ్’. పీత చక్రవర్తి పేరుతో వెలసిన ఈ గ్రంథం సుమారు రెండు వేల సంవత్సరాల నాటిది. ‘సు వెన్’, ‘లింగ్ షూ’ అనే దాని రెండు భాగాలలోనూ ఒక్కొక్కదానిలో 81 అధ్యాయాలు ఉన్నాయి. సూది చికిత్స వివరాలు అధికంగా రెండవ భాగంలో కానవస్తాయి.

ఆ వైద్యానికి పునాది యిన్, యాంగ్ అనే ద్వంద్వం. ఒకే కొండకు నీడ పడిన ప్రక్క యిన్, ఎండ కాచే ప్రక్క యాంగ్. చల్లదనం, నిశ్చలత్వం, లోపలి భాగం యిన్ లక్షణాలు. వేడి, చలనం, వెలుపలి భాగం యాంగ్ లక్షణాలు. ఈ రెంటి సమతూకమే ఆరోగ్యం. దేహమంతటా ప్రవహించే శక్తికి ‘చి’ అని పేరు. మన ప్రాణశక్తి భావనకు ఇది దగ్గరి చుట్టం. ఈ శక్తి పన్నెండు ముఖ్యమార్గాలలో నడుస్తుందనీ, దారిలో ఆటంకం కలిగినచోట నొప్పి పుడుతుందనీ ప్రాచీనులు భావించారు. ఆ పన్నెండింటికి దేహమధ్యంలో ముందూ వెనుకా సాగే మరి రెండు మార్గాలను చేర్చి, మొత్తం 361 స్థానాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా గుర్తించింది.

మన పంచభూతాలు కావు

పంచతత్త్వాలు అనగానే తెలుగు పాఠకునికి పృథివి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం స్ఫురిస్తాయి. చైనా వారి జాబితా వేరు. వృక్షం, అగ్ని, భూమి, లోహం, జలం అన్నవి వారి ఐదు తత్త్వాలు. ఇందులో వాయువు లేదు, ఆకాశం లేదు. అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. మన పంచభూతాలు పదార్థాలను ఏర్పరచే మూలద్రవ్యాలు. చైనా భాషలో ‘వూ సింగ్’ అన్న మాటకు ఐదు నడకలు అని అర్థం. అవి ద్రవ్యాలు కావు, మార్పులోని దశలు. వసంతంలో చిగురు, వేసవిలో వికాసం, వేసవి చివర పక్వత, శరత్తులో ఆకురాల్పు, శీతకాలంలో విశ్రాంతి. ఈ ఐదు దశలకే ఐదు పేర్లు పెట్టారు.

ఒక్కొక్క తత్త్వానికి ఒక ఋతువు, ఒక రుచి, ఒక రంగు, ఒక భావం, ఒక జత అవయవాలు కేటాయించారు. వృక్షానికి కాలేయం, పిత్తాశయం. భావం కోపం, రుచి పులుపు. అగ్నికి గుండె, చిన్నప్రేగు, ఆనందం, చేదు. భూమికి ప్లీహం, జీర్ణకోశం, చింత, తీపి. లోహానికి ఊపిరితిత్తులు, పెద్దప్రేగు, దుఃఖం, కారం. జలానికి మూత్రపిండాలు, మూత్రాశయం, భయం, ఉప్పు. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు కలిపే మనకు ఇందులో వగరు లేకపోవడం వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ విద్యార్థి జాగ్రత్త వహించాలి. చైనా వైద్యుడు కాలేయం అన్నప్పుడు శవపరీక్షలో కనిపించే అవయవాన్ని మాత్రమే ఉద్దేశించడు. కన్ను, గోళ్లు, కండరాల కదలిక, కోపం ఇవన్నీ కలిసిన ఒక వ్యవస్థకు అది పేరు. కాలేయంలో దోషం ఉన్నదని అతడు అన్నంతమాత్రాన రక్తపరీక్షలో కామెర్లు కనబడవలసిన పనిలేదు.

తల్లి, బిడ్డ, అమ్మమ్మ

ఐదు తత్త్వాలకు పరస్పరం రెండు విధాల బంధుత్వం కలదు. మొదటిది పోషణ. చెట్టు అగ్నికి ఆహారమవుతుంది. అగ్ని బూడిదగా మారి భూమిలో కలుస్తుంది. భూమి గర్భంలో లోహం పుడుతుంది. లోహం నుండి జలం జనిస్తుందని వారి భావన. జలం తిరిగి చెట్టును పెంచుతుంది. పోషించేది తల్లి, పోషణ పొందేది బిడ్డ. రెండవది అదుపు. వృక్షపు వేరు భూమిని చీలుస్తుంది; భూమి నీటికి గట్టు వేస్తుంది; నీరు నిప్పును ఆర్పుతుంది; నిప్పు లోహాన్ని కరిగిస్తుంది; లోహం చెట్టును నరుకుతుంది. పోషణ వరుసలో చూస్తే ప్రతి తత్త్వాన్నీ అదుపు చేసేది దాని అమ్మమ్మే.

ఈ వంశవృక్షమే చికిత్సకు సూత్రం. బలహీనమైతే తల్లిని బలపరచు, అధికమైతే బిడ్డ ద్వారా తగ్గించు అన్నది ప్రాచీన గ్రంథమైన ‘నాన్ చింగ్’ బోధ. పన్నెండు మార్గాలలోనూ మోచేతికి లేదా మోకాలికి దిగువన ఐదు తత్త్వాలకు ఐదు స్థానాలు ఉన్నాయి; అంటే మొత్తం 60. ఊపిరితిత్తులు లోహతత్త్వానివి గనుక వాటి బలహీనతకు తల్లియైన భూమిస్థానంలో, అనగా మణికట్టు మడత వద్ద, సూది పెడతారు. శక్తి మితిమీరినప్పుడు బిడ్డయైన జలస్థానాన్ని, అనగా మోచేతి మడత వద్దనున్న దానిని ఎంచుకొంటారు.

స్థానాలను కొలిచే కొలబద్ద కూడా రోగి దేహమే. రోగి బొటనవ్రేలి వెడల్పు ఒక ప్రమాణం. నాలుగు వ్రేళ్లు చేర్చిన వెడల్పు మూడు ప్రమాణాలు. ఎవరి అంగుళంతో వారిని కొలిచే పద్ధతి మన ఆయుర్వేదానికీ పరిచితమే.

రోగనిర్ణయానికి నాలుగు మార్గాలు చెప్పారు: చూడడం, విని వాసన పట్టడం, అడగడం, తాకడం. నాలుక రంగును, దానిపై పేరుకొన్న పొరను పరిశీలిస్తారు. రెండు మణికట్టుల వద్ద మూడేసి చోట్ల నాడి చూస్తారు. 16వ శతాబ్దపు వైద్యుడు లీ షీ-చెన్ 27 రకాల నాడులను వర్ణించాడు. ఇంగ్లండులో 1956లో ఆక్యుపంక్చర్ కళాశాల స్థాపించిన జె. ఆర్. వర్స్‌లీ, ముఖవర్ణం, కంఠస్వరం, దేహగంధం, భావోద్వేగం అనే నాలుగింటి ఆధారంగా రోగి యొక్క మూలతత్త్వాన్ని కనుగొనే పద్ధతిని ప్రచారం చేశాడు. పాశ్చాత్య దేశాలలో పంచతత్త్వ ఆక్యుపంక్చర్ అన్న పేరు అధికంగా ఈ శాఖకే వర్తిస్తుంది.

కలకత్తాకు వచ్చిన సూదులు

ఈ విద్య భారతదేశానికి చేరిన కథ యుద్ధకాలపు స్నేహంతో ముడిపడి ఉన్నది. జపాను దాడికి గురైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే, 32 ఏండ్ల ప్రాయంలో కన్నుమూశాడు. ఆయన సహచరుడు, కలకత్తా వాసి విజయకుమార్ బసు స్వదేశానికి తిరిగివచ్చాడు. తరువాత 1950వ దశకం చివర బసు మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ అభ్యసించి, కలకత్తాలో దానిని ప్రవేశపెట్టాడు. ఆధునిక వైద్యశాస్త్రంలో పట్టా పొంది, యుద్ధరంగంలో గాయాలకు చికిత్స చేసిన వైద్యుడు మరల విద్యార్థియై సూది పట్టడం గమనింపదగినది. 1996లో పశ్చిమ బెంగాల్ ఈ చికిత్సకు ప్రత్యేక చట్టం చేసింది. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీనిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

సొంత గడ్డపై ఈ విద్య ఎల్లవేళలా గౌరవం పొందలేదు. 1822లో చక్రవర్తి రాజవైద్యశాలలో సూది చికిత్సను నిషేధించాడు. 1929లో చైనా ప్రభుత్వం దేశీయ వైద్యాన్నే తొలగించే ప్రతిపాదన తేగా, వైద్యులు ఏకమై ప్రతిఘటించారు. 1956లో పెకింగ్, షాంఘై, కాంటన్, చెంగ్‌డూ నగరాలలో ప్రభుత్వ కళాశాలలు వెలసిన పిమ్మట దానికి నిలకడ కలిగింది.

పరీక్షకు నిలిచినదేది?

నడుమునొప్పితో బాధపడే 1,162 మందిపై జర్మనీలో జరిపిన పరిశోధన ఫలితాలు 2007లో వెలువడినాయి. శాస్త్రోక్త స్థానాలలో సూదులు పెట్టినవారిలో సుమారు 48 శాతం మందికి, ఆ స్థానాలను విడిచి పైపైన గుచ్చినవారిలో 44 శాతం మందికి గుణం కనిపించింది. మామూలు చికిత్స పొందినవారిలో 27 శాతం మందికి మాత్రమే మేలు కలిగింది. సూది వల్ల ఉపశమనం కలుగుతున్నదని ఒక అంకె చెబుతుంటే, స్థానాల ఎంపికకు మనం అనుకొన్నంత ప్రాధాన్యం లేదేమోనని రెండవ అంకె హెచ్చరిస్తున్నది. దీర్ఘకాలపు నొప్పులలోను, శస్త్రచికిత్స తరువాతి వికారంలోను కొంత ప్రయోజనానికి ఆధారాలు ఉన్నాయి. చి ప్రవహించే నాళాలను మాత్రం శరీరశాస్త్రం కనుగొనలేదు. క్యాన్సరును, మధుమేహాన్ని సూదులతో నయం చేస్తామనే మాటకు ఆధారం లేదు. దానిని నమ్మి మందులు మానినవారు ప్రాణం మీదికి తెచ్చుకొంటారు.

సంప్రదాయాన్ని పరీక్షకు నిలబెట్టడం దానిని అవమానించడం కాదు. 4వ శతాబ్దపు కో హుంగ్ గ్రంథంలో, ఒక మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం త్రాగమన్న సూచనను చదివి, వేడి చేయకుండా సారం తీయాలని గ్రహించింది తూ యూ-యూ. అలా లభించిన ఆర్టెమిసినిన్ మలేరియా రోగులను లక్షల సంఖ్యలో కాపాడింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. వినాయక చవితినాడు మనం పూజించే మాచిపత్రికి ఆ మొక్క చుట్టమే. సూదితోపాటు చర్మం దగ్గర వెచ్చదనం కోసం చైనా వైద్యులు కాల్చే ఎండుటాకు కూడా ఆ జాతిదే.

కాబట్టి ఈ విద్యను నేర్వదలచినవారు రెండు పుస్తకాలను ప్రక్కప్రక్కన తెరిచి ఉంచుకోవాలి. ఒకటి ప్రాచీనుల మార్గపటం. రెండవది ఆధునిక శరీరశాస్త్రం. ఛాతీపై ఒకటి రెండు అంగుళాల లోతుగా దిగిన సూది ఊపిరితిత్తిని చీల్చగలదు. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే కాలేయవ్యాధి క్రిములు సంక్రమించగలవు. అందుచేత మంచి శిక్షణలో శిష్యుడు ముందుగా చేతులు కడుక్కోవడం, ఒక్కసారి వాడి పారవేసే సూదిని విప్పడం, దూదిదిండుపై గుచ్చడం నేర్చుకొంటాడు. పిమ్మట తన కాలిపై తానే గుచ్చుకొని, సూది దిగినచోట కలిగే బరువును, తిమ్మిరిని అనుభవించి తెలుసుకొంటాడు. పరుల దేహంపై సూది పెట్టే అధికారం ఆ తరువాతనే వస్తుంది.