చిప్పుకీ ఓ లప్పం!

టీవీ పక్కనున్న గేమ్ కన్సోల్ విమానంలా రొద చేస్తోందా? ఆడుతుండగానే ఆగిపోతోందా? చిటికెడు బూడిదరంగు పేస్టు దాన్ని మళ్లీ దారిలో పెట్టొచ్చు. అయితే అన్నిసార్లూ కాదు!

ఆట మంచి రసపట్టులో ఉంటుంది. ఇంకొక్క గోలు పడితే గెలుపే. సరిగ్గా అప్పుడే డబ్బా గుయ్యిమని మొదలుపెడుతుంది. కాసేపటికి తెర మీద 'బాగా వేడెక్కింది' అంటూ హెచ్చరిక... ఆ వెంటనే అంతా చీకటి. 'పొద్దస్తమానం ఆడితే పాడవదా మరి' అని పెద్దవాళ్ల విసుగు. పాపం, తప్పు ప్రతిసారీ పిల్లాడిదే కాదు.

ప్లేస్టేషన్ 4 మన దేశానికి 2014 జనవరిలో వచ్చింది. అప్పటి ధర 39,990 రూపాయలు. అప్పట్లో ముచ్చటపడి కొన్నవాటికి ఇప్పుడు పదేళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పి ఉండకపోతే, లోపల ఓ పదార్థం ఈపాటికి ఎండి పొలుసులు కట్టి ఉంటుంది. అదే థర్మల్ పేస్టు.

దాని పనేమిటంటారా? కన్సోల్‌లోని ప్రధాన చిప్పు చిన్న తపాలాబిళ్లంత. మొదటి ప్లేస్టేషన్ 4లో దాని వైశాల్యం దాదాపు 350 చదరపు మిల్లీమీటర్లే. పుట్టే వేడిలో ఎక్కువ భాగం అక్కడిదే. దాన్ని పైకి లాగేందుకు మీద హీట్ సింక్ అనే లోహపు దిమ్మె కూర్చుంటుంది. ఫ్యాను ఆ దిమ్మెకు గాలి కొడుతుంది. చిప్పూ దిమ్మే చూడ్డానికి అద్దంలా నున్నగా ఉన్నా, సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ గుంటలే. ఆ గుంటల్లో గాలి చేరుతుంది. వేడిని మోయడంలో గాలంత బద్ధకస్తురాలు మరోటి ఉండదు. అందుకే గోడకి లప్పం పెట్టినట్టు ఆ సందుల్ని పేస్టుతో పూడుస్తారు. మామూలు పేస్టు కూడా గాలి కంటే వంద రెట్లకు పైగా వేడిని మోస్తుంది. అలాగని దండిగా దట్టిస్తే మంచిదనుకోవద్దు. రాగితో పోలిస్తే పేస్టు ఎందుకూ కొరగాదు. సందు పూడేంత పలచగా ఉంటేనే లాభం, మందమైతే అదే అడ్డుగోడ!

రోజూ వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి... ఏళ్లు గడిచేసరికి పేస్టులోని నూనె ఇగిరి, పక్కలకు జారి, పొడి మిగులుతుంది. ఆ లోటు భర్తీ చేయడానికి ఫ్యాను ఇంకా జోరుగా తిరుగుతుంది. ఆ రొద అదే. దానికి మన ఎండలు తోడు. ప్లేస్టేషన్ 4ను 5 నుంచి 35 డిగ్రీల గదిలో వాడాలన్నది తయారీదారు మాట. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది.

టంకం ఊడితే అంతే!

వేడిని చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ఎక్స్‌బాక్స్ 360 కథే చెబుతుంది. 2005లో విడుదలైన ఆ యంత్రాలు ముందువైపు మూడు ఎర్రదీపాలు వెలిగించి ఆగిపోవడం మొదలుపెట్టాయి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది. వేడెక్కి చల్లారే ఒత్తిడికి లోపలి సన్నని అతుకులు తెగిపోవడమే కారణమని 2021లో ఆ సంస్థే తన డాక్యుమెంటరీలో ఒప్పుకుంది. ఆ రోజుల్లో కొందరు యంత్రానికి తువ్వాలు చుట్టి మరీ వేడెక్కించేవారు. ఒకట్రెండు రోజులు పనిచేసినా, ఆనక మళ్లీ మొదటికే. నిప్పంటుకునే ప్రమాదం అదనం.

ఇక్కడే అసలు కిటుకుంది. రొద చేస్తూ, వేడెక్కి ఆగిపోతూ, చల్లారాక మళ్లీ లేచే కన్సోల్‌కి పేస్టు మందే. అసలు లేవనే లేవని దానికి ఎంత పేస్టు పూసినా దండగ. దుకాణంలో 'పేస్టు మారిస్తే సరి' అని డబ్బులడిగితే, అది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

పేస్టు కంటే ముందు చూడాల్సింది దుమ్ము. టీవీ బల్ల అరలో ఇరికించి ఉంటే బయటికి తీసి, సందుల్లోని బూజు వదిలిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఫ్యానుకు గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి. గిరగిరా తిరగనిస్తే బేరింగు దెబ్బతింటుంది.

అప్పటికీ తగ్గకపోతేనే పేస్టు సంగతి. వారంటీ ఉంటే మాత్రం విప్పొద్దు. లేదంటే ప్లగ్గు పీకి, కాసేపాగి మొదలుపెట్టాలి. స్క్రూలు నక్షత్రం ఆకారంలో, మధ్యలో చిన్న మొనతో ఉంటాయి కాబట్టి మామూలు స్క్రూడ్రైవరు పనికిరాదు. కరెంటు సరఫరా చేసే పెట్టెను బయటికి తీయొచ్చు కానీ, దాన్ని విప్పకూడదు. ప్లగ్గు పీకినా అందులో షాకు దాగుంటుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. కరోనా నాటి శానిటైజరు మిగిలింది కదాని వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. మెమరీ చిప్పుల మీది మెత్తటి ప్యాడ్లు చిరిగిపోకుండా చూడాలి. తర్వాత దిమ్మె స్క్రూలను అటొకటి ఇటొకటిగా బిగించాలి. ఒకేవైపు బిగిస్తే పేస్టంతా పక్కకి పోతుంది.

పేస్టు ట్యూబు సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పళ్లపేస్టు పూసి చూసిన ఘనులూ ఉన్నారు. నిజానికి అదీ పనిచేస్తుంది... అందులో తడి ఆరేదాకా!

2021 ఫిబ్రవరిలో మనకొచ్చిన ప్లేస్టేషన్ 5 మాత్రం వేరే లెక్క. అందులో పేస్టు బదులు ద్రవలోహం ఉంటుంది. వేడిని ఎంతో బాగా మోసినా కరెంటునూ ప్రవహింపజేస్తుంది. ఒక్క బొట్టు బోర్డు మీద పడితే షార్టే. అల్యూమినియాన్నీ తినేస్తుంది. దాని జోలికి ఇంట్లో పోనక్కర్లేదు. పక్క పలకలు చేత్తోనే ఊడొస్తాయి. కింద దుమ్ము చేరే రంధ్రాలు కనిపిస్తాయి. వాక్యూమ్ క్లీనర్ గొట్టం అక్కడ ఆనిస్తే సరిపోతుంది.